దారం ఉత్తర ధ్రువం మీదికి జారిపోతోంది: షంషాబాద్ నుంచి డాలస్ అసలు ఎంత దూరం, ఎన్ని గంటలు?

సూదీదారం, బ్రాడీపేట, గుంటూరు

అందరికీ నమస్కారం. బ్రాడీపేటలో ఇరవై ఆరేళ్లుగా బట్టలు కుడుతున్నాను. కొలత తీసుకోకుండా కత్తెర పట్టే అలవాటు లేదు. నవంబరు చివరి వారంలో మా వారు, నేను డాలస్ వెళ్తున్నాము. అమ్మాయికి డిసెంబరులో పురుడు. ఇద్దరికీ ఇదే మొదటి విమాన ప్రయాణం. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. పొద్దున ఏడింటికి ఒక మాత్ర, రాత్రి ఎనిమిదింటికి ఒకటి. ఏ మాత్ర ఎక్కడ కూర్చుని వేసుకోవాలో తెలియాలంటే ప్రయాణం నిజంగా ఎన్ని గంటలో తెలియాలి కదా అని కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. కూర్చున్న కొద్దీ చిక్కు పెరిగింది.

మొదటి చిక్కు టికెట్టుతో. షంషాబాద్‌లో తెల్లవారుజామున 3:45కు బయలుదేరితే 5:35కు ఖతార్‌లోని దోహా. అక్కడ 8:10కి ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం 3:30కి డాలస్. పన్నెండు గంటలు కూడా కాలేదు. తిరుగు ప్రయాణం ఏప్రిల్‌లో. డాలస్‌లో సాయంత్రం 6:40కి ఎక్కితే మర్నాడు సాయంత్రం 5:10కి దోహా. అక్కడి నుంచి రాత్రి 7:30కి బయలుదేరి, ఆ రాత్రి గడిచాక 2 గంటలకు షంషాబాద్. వేళ్ల మీద లెక్కపెడితే 31 గంటల 20 నిమిషాలు. వెళ్లిన దారినే తిరిగి రావడానికి ఇంత తేడా ఎందుకు? దేశాల మధ్య గంటల తేడా ఉంటుందని తెలుసు. అది ఎటు కలపాలో, ఎటు తీసివేయాలో దగ్గరకు వచ్చేసరికి చేయి ఆగిపోతోంది.

రెండోది దూరం. షంషాబాద్ నుంచి డాలస్ ఎంత అని ఫోనులో వెతికితే ఒకచోట 14,419 అని, మరోచోట 8,960 అని, ఇంకోచోట 7,786 అని వచ్చింది. అడిగిన ప్రశ్న ఒకటే.

సరే, నా కొలత నేనే తీసుకుంటాను అనుకున్నాను. అమ్మాయి స్కూల్లో ఉన్నప్పుడు పట్నం బజారులో కొన్న ప్రపంచ పటం ఇప్పటికీ మా షాపు గోడకే ఉంది. వెడల్పు 90 సెంటీమీటర్లు. భూమి చుట్టు 40,000 కిలోమీటర్లు అని చిన్నప్పుడు చదివింది గుర్తుంది. గుంటూరు నుంచి డాలస్‌కు టేపు పెడితే 44న్నర వచ్చింది. లెక్క కడితే సుమారు 19,800 కిలోమీటర్లు. తరవాత అటక మీది గ్లోబు దింపాను. నడుము చుట్టూ టేపు వేస్తే 63 సెంటీమీటర్లు. గుంటూరు మీద ఒక వేలు, డాలస్ మీద ఒక వేలు ఉంచి, పటంలో కొలిచినట్టే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా నల్ల దారం పరిచాను. కొలవాలంటే బిగించాలి కదా. బిగించేసరికి దారం ఆఫ్రికా మీద నిలవడం లేదు. పైకి జారిపోతోంది. మళ్లీ కిందికి దింపి బిగించాను, మళ్లీ జారింది. చివరికి గ్లోబు నెత్తిన ఇరుసు మేకు ఉంటుంది చూడండి, అక్కడికి పోయి దాన్ని ఆనుకుని ఆగింది. అలా ఆగినప్పుడు కొలిస్తే 23కు ఒక గీత తక్కువ. అంటే సుమారు 14,500 కిలోమీటర్లు.

పటం 19,800 అంటోంది, దారం 14,500 అంటోంది. ఇది కొలత పొరపాటు కాదు. బారెడు తేడా. ఎక్కడ తప్పుతున్నానో ఎవరైనా ఓపికగా చెప్పగలరా? "ఫోనులో చూసుకోండి" అని మాత్రం అనకండి, అది ఇప్పటికే అయింది.

ఇంకొక మాట. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి, పడమటికి వెళ్లే విమానం తొందరగా చేరాలి, డాలసే మనకు ఎదురొస్తుంది అని మా పక్కింటాయన గట్టిగా చెబుతున్నారు. అది నిజమా?

బందరు రోడ్డు, విజయవాడ

అమ్మా, ఆ మూడు అంకెలూ ఒకటే. 14,419 కిలోమీటర్లు, 8,960 మామూలు మైళ్లు, 7,786 నాటికల్ మైళ్లు. ఓడల వాళ్లు, విమానాల వాళ్లు నాటికల్ మైళ్లలో లెక్కవేస్తారు. నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు. అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఏముందో చూసుకుంటే చాలు. గంటల సంగతి పెద్దలు ఎవరైనా వివరంగా చెబుతారు, నేను ఆఫీసుకు బయలుదేరాలి. మీ అమ్మాయికి సుఖప్రసవం కావాలి.

లెక్కల మాస్టారు, పాత గుంటూరు

అమ్మా, ముందుగా ఒక మాట. ఆ దారాన్ని ఇక ఆఫ్రికా మీదికి లాగకండి. అది చెప్పేదే నిజం. గుండ్రని వస్తువు మీద రెండు చోట్ల పట్టుకుని బిగించిన దారం తనంతట తానే అన్నింటికన్నా దగ్గరి దారిలోకి వెళ్లి కూర్చుంటుంది. ముప్పై మూడేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. ఈ సంగతి పిల్లలకు అర్థం కావాలని ఎన్ని బొమ్మలు గీశానో! మీరు గీత గీయకుండా, మీ వేళ్ల కిందనే కనిపెట్టారు.

పుచ్చకాయను సరిగ్గా నడిమికి కోస్తే కోత అంచు ఎంత పెద్ద వృత్తం అవుతుందో, భూగోళం మధ్య బిందువు గుండా కోసినప్పుడు పైన పడే గీత అలాంటిది. దాన్ని మహావృత్తం అంటాము. రెండు ఊళ్ల మధ్య దగ్గరి దారి ఆ గీత మీదే ఉంటుంది. భూమధ్యరేఖ ఒక మహావృత్తం. రేఖాంశాలన్నీ మహావృత్తాల సగాలు. మిగిలిన అక్షాంశ రేఖలు మాత్రం కావు, పైకి వెళ్లే కొద్దీ అవి కుంచించుకుపోతాయి. 60 డిగ్రీల దగ్గర అక్షాంశ వృత్తం భూమధ్యరేఖలో సరిగ్గా సగమే. మీ గోడ పటంలో మాత్రం ఆ రెండింటినీ ఒకే వెడల్పున గీశారు. గ్రీన్‌లాండ్, ఆఫ్రికా ఇంచుమించు ఒకే సైజులో కనిపిస్తున్నాయేమో చూడండి. నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు. ఇక దారి సంగతి. పటం మీద తిన్నగా గీసిన గీత వెంబడే నిజంగా వెళ్తే సుమారు 18,000 కిలోమీటర్లు అవుతుంది. మీరు భూమధ్యరేఖ కొలతతో లెక్కకట్టారు కాబట్టి 19,800 వచ్చింది.

ఇప్పుడు మన ఊళ్లకు ఉన్న ఒక విశేషం చెబుతాను. ఇది తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మనకు దగ్గరి విమానాశ్రయం గన్నవరం. దాని రేఖాంశం సుమారు 80.8 డిగ్రీల తూర్పు. డాలస్ విమానాశ్రయం 97 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 177.8. సరిగ్గా 180 అయి ఉంటే భూగోళంలో నేరుగా అవతలి పక్క రేఖాంశం అన్నమాట. రెండు డిగ్రీలే తక్కువ! అందుకే మన కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి డాలస్‌కు దగ్గరి దారి దాదాపు ఉత్తర ధ్రువం మీదుగానే పోతుంది. మీ దారం ఇరుసు మేకును ఆనుకున్నది ఇందుకే.

దీనివల్ల దూరం నోటి లెక్కగా కట్టవచ్చు. గన్నవరం 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం. అక్కడి నుంచి ధ్రువానికి 90లో 16.5 పోగా 73.5 డిగ్రీలు. డాలస్ 32.9. ధ్రువం నుంచి అక్కడికి దిగడానికి 57.1. మొత్తం 130.6 డిగ్రీలు. భూమి చుట్టు 360 డిగ్రీలకు 40,000 కిలోమీటర్లు, అంటే ఒక్కో డిగ్రీకి 111.1. గుణిస్తే 14,510. సూత్రంతో పూర్తిగా కట్టినా 14,514 వస్తుంది. మీ దారానికీ దీనికీ ఉన్న తేడా దారం మందమంత.

40,000 అనే గుండు సున్నాల అంకె కాకతాళీయం కాదు. 1790లలో ఫ్రాన్సు వాళ్లు మీటరును నిర్ణయించినప్పుడు, ధ్రువం నుంచి భూమధ్యరేఖకు ఉన్న దూరంలో కోటో వంతు ఒక మీటరు అనుకున్నారు. కాబట్టి పావు చుట్టు 10,000 కిలోమీటర్లు. మీ టేపు రెండో వైపు ఉన్న సెంటీమీటర్లు భూమిని కొలిచి తెచ్చినవే.

మీ ప్రయాణం దోహా మీదుగా కాబట్టి ధ్రువం కిటుకు పనికిరాదు, సూత్రం కావాలి. సైన్, కొసైన్ అంటే ఒక్కో కోణానికి కాలిక్యులేటర్‌లో దొరికే అంకెలు. రెండు అక్షాంశాల సైన్లను గుణించండి. రెండు అక్షాంశాల కొసైన్లను, రేఖాంశాల తేడా కొసైన్‌ను మూడింటినీ కలిపి గుణించండి. రెండు లబ్ధాలనూ కూడితే వచ్చేది దూరం తాలూకు కోణానికి కొసైన్. షంషాబాద్ 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. దోహా 25.27 ఉత్తరం, 51.61 తూర్పు. రేఖాంశాల తేడా 26.82. మొదటి లబ్ధం 0.1265, రెండోది 0.7708, మొత్తం 0.8973. కోణం 26.2 డిగ్రీలు. దూరం సుమారు 2,913 కిలోమీటర్లు. అలాగే దోహా నుంచి డాలస్‌కు రేఖాంశాల తేడా 148.65. అది 90 దాటింది కాబట్టి దాని కొసైన్ రుణసంఖ్య. 0.2319లో 0.6484 పోతే మైనస్ 0.4165. కోణం 114.6 డిగ్రీలు, దూరం సుమారు 12,745. రెండూ కలిపి 15,658. నేరుగా వెళ్లే దారికన్నా 1,240 కిలోమీటర్లు ఎక్కువ.

ఒక పక్కమాట చెప్పకుండా ఉండలేను. క్రీ.శ. 499లో ఆర్యభటుడు తన గ్రంథంలో ఇచ్చిన జ్యా పట్టికకు వ్యాసార్ధం 3,438. వృత్తాన్ని 21,600 కళలుగా, అంటే నిమిషాలుగా విభజిస్తే వ్యాసార్ధం అన్ని నిమిషాలు అవుతుంది. నాటికల్ మైలు అంటే భూమి మీద ఒక నిమిషం కోణం. కాబట్టి భూమి వ్యాసార్ధాన్ని నాటికల్ మైళ్లలో చెబితే ఇంచుమించు అదే అంకె, 3,440! పైన మనం వాడిన సైన్ అనే మాట కూడా మన "జ్యా" అరబ్బులకు వెళ్లి, అక్కడి నుంచి లాటిన్‌లోకి మారి వచ్చిందే.

గంటల సంగతి. ఒకటే నియమం: బయలుదేరే సమయాన్నీ, చేరే సమయాన్నీ రెండింటినీ మన టైములోకి మార్చుకుని, అప్పుడు తీసివేయండి. మార్చకముందు ఏదీ కలపవద్దు, తీసివేయవద్దు. దోహా మనకన్నా రెండున్నర గంటలు వెనక. డాలస్ మీరు వెళ్లే రోజుల్లో పదకొండున్నర గంటలు వెనక. కట్టి చూపించండి, నేను దిద్దుతాను.

సూదీదారం, బ్రాడీపేట, గుంటూరు

మాస్టారూ, మీకు పాదాభివందనం. రాత్రి షాపు మూశాక మా వారు గ్లోబు పట్టుకున్నారు, నేను దారం పట్టాను. షంషాబాద్ నుంచి దోహాకు నాలుగున్నర సెంటీమీటర్లు. దోహా నుంచి డాలస్‌కు సరిగ్గా 20. లెక్క కడితే 2,860, 12,700 వచ్చాయి. మీ సూత్రానికి ఇంత దగ్గరగా వస్తుందని అనుకోలేదు.

పటం ఎందుకు అబద్ధం చెప్పిందో నాకు మా పనిలోనే దొరికింది. ఒంటి వంపుకు జాకెట్టు అమరాలంటే డాట్లు, అంటే గుడ్డను కోసుగా మడిచి వేసే కుట్లు, వేయాలి. ఆ డాట్లన్నీ విప్పి జాకెట్టును బల్ల మీద పరిస్తే అక్కడక్కడా లేచి నిలబడుతుంది, లేదా చీలికలు పడుతుంది. గుండ్రని భూమిని గోడకు అంటించడానికి ఆ చీలికలన్నీ బట్ట సాగదీసి పూడ్చేశారన్నమాట. సాగదీసిన చోట కొలత తీస్తే ఎక్కువే వస్తుంది. గ్రీన్‌లాండ్ నిజంగానే ఆఫ్రికాంత కనిపిస్తోంది.

ఇప్పుడు గంటలు, దిద్దండి. వెళ్లేటప్పుడు షంషాబాద్‌లో 3:45. దోహాలో 5:35 అంటే మనకు 8:05. ప్రయాణం 4 గంటల 20 నిమిషాలు. దోహాలో 8:10కి ఎక్కితే మనకు 10:40. డాలస్‌లో మధ్యాహ్నం 3:30 అంటే మనకు మర్నాటి తెల్లవారుజాము 3:00. ఆ విమానంలో 16 గంటల 20 నిమిషాలు. ఇంట్లో గడియారం ప్రకారం మొత్తం 23 గంటల 15 నిమిషాలు. అదే రోజు మధ్యాహ్నం చేరుతున్నామని మా వారు ఊరంతా చెప్పేశారు. నిజానికి ఒక రోజంతా అయిపోతోంది!

వచ్చేటప్పుడు డాలస్‌లో సాయంత్రం 6:40 అంటే, పదకొండున్నర కలిపితే మనకు మర్నాడు పొద్దున 6:10. షంషాబాద్‌లో దిగేది ఆ మర్నాడు తెల్లవారుజామున 2:00. మొత్తం 19 గంటల 50 నిమిషాలు వచ్చింది. కానీ టికెట్టులో విడివిడిగా అచ్చువేసిన గంటలు వేరు. మొదటి విమానం 14:30, దోహాలో ఆగేది 2:20, రెండో విమానం 4:00. కూడితే 20:50. సరిగ్గా ఒక గంట ఎక్కడికో పోయింది. మూడుసార్లు కట్టాను. గుడ్డ ముక్క తగ్గితే ఎవరు కత్తిరించారో కనుక్కునేదాకా నాకు మనసు నిలవదు. ఈ గంట కూడా అంతే.

నావిగేటర్, పటమట, విజయవాడ

వైమానిక దళంలో నావిగేటర్‌గా, అంటే విమానానికి దారి లెక్కకట్టేవాడిగా, పనిచేసి రిటైరై పటమటలో ఉంటున్నాను. పోయిన గంట సంగతి మాస్టారు చెబుతారు. దూరం నుంచి కాలం ఎలా వస్తుందో నేను చెబుతాను, అది నా పని.

ముందు పక్కింటి పెద్దమనిషి వాదన. భూమి తిరుగుతుంది, నిజమే. భూమధ్యరేఖ దగ్గర గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో. కానీ గాలి కూడా భూమితో కలిసే తిరుగుతుంది, విమానం ఆ గాలిలోనే ఈదుతుంది. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో సీట్లో కూర్చుని చేతిలో కాయను పైకి ఎగరేస్తే వెనక బోగీలో పడదు కదా. ఆయన లెక్కే నిజమైతే హెలికాప్టరు గన్నవరం మీద గంటసేపు గాల్లో నిలబడి దిగితే అరేబియా సముద్రంలో పడాలి.

తేడా తెచ్చేది గాలి. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు నదిలాగా ఒక గాలి ప్రవాహం ఉంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో మరీ బలంగా, నడిమి ధారలో గంటకు 200 కిలోమీటర్లు దాటి వీస్తుంది. వరద ఉన్నప్పుడు కృష్ణలో పడవ నడిపినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. తెడ్డు వేసే బలం ఒకటే. ఏటి వాలులో గట్లు పరుగెత్తినట్టు కనిపిస్తాయి, ఏటికి ఎదురెళ్తే చెట్టు దాటడానికే పూట పడుతుంది. పెద్ద జెట్టు విమానం గాలితో పోలిస్తే గంటకు 900 కిలోమీటర్ల చిల్లర వెళ్తుంది. మీ టికెట్టు లెక్కే చూడండి. 12,745 కిలోమీటర్లను వెళ్లేటప్పటి 16 గంటల 20 నిమిషాలతో భాగిస్తే గంటకు 780. వచ్చేటప్పటి 14న్నరతో భాగిస్తే దాదాపు 880. ఆ వంద కిలోమీటర్ల తేడాలో పెద్ద వంతు గాలిదే.

నేను చేసుకునే ఉజ్జాయింపు ఇది. దూరాన్ని 850తో భాగించి అరగంట కలుపుతాను. ఆ అరగంట నేల మీద కదలడానికి, ఎక్కడానికి, దిగడానికి. ఎందుకంటే టికెట్టు మీద గంటలు గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్క. దోహా నుంచి డాలస్‌కు ఇలా కడితే పదిహేనున్నర గంటలు. మీ రెండు వైపుల సగటూ ఇంచుమించు అదే. అంత దూరానికి పడమటికైతే గంటసేపు కలపండి, తూర్పుకైతే గంటసేపు తగ్గించండి. చిన్న ప్రయాణాలకు ఆ సర్దుబాటు పది, ఇరవై నిమిషాలే.

దూరం తక్కువైన దారే తొందరగా చేర్చాలని లేదు. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ వైపు కాకుండా తూర్పుకు తిరిగి పసిఫిక్ మీదుగా వెళ్లడం మొదలుపెట్టింది. దారి వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగింది, ప్రయాణ కాలం రెండు గంటల దాకా తగ్గింది. వెనక నుంచి గాలి తోసిందన్నమాట. నేను మ్యాపుల మీద పెన్సిలుతో గీతలు గీసిన కాలంవాణ్ణి. ఆ వార్త చదివి మా పాత మిత్రుడికి ఫోను చేసి మరీ చెప్పాను.

"ధ్రువం మీదుగా విమానాలు వెళ్తాయా" అని మీకు సందేహం రావచ్చు. వెళ్తాయి. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే ఉన్న విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ధ్రువ ప్రాంతం మీదుగా బెంగళూరుకు ఆగకుండా వచ్చింది. సుమారు పదిహేడు గంటలు. అయితే అక్కడ చలికి ఇంధనం చిక్కబడకుండా చూసుకోవాలి. ఏదైనా ఇబ్బంది వస్తే దిగడానికి విమానాశ్రయాలు తక్కువ. కిందనున్న దేశం అనుమతి కూడా ఉండాలి. 2022 నుంచి రష్యా గగనతలం అమెరికా, ఐరోపా విమానయాన సంస్థలకు మూతపడింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన సంస్థలకు మూసింది, ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లేవాటికి చుట్టు పెరిగింది. కాబట్టి సూత్రం ఇచ్చేది అంతకన్నా తగ్గని దూరం. నిజంగా ఎగిరేది దానికన్నా కొంత ఎక్కువే ఉంటుంది. మాస్టారు భూమిని నిండు గోళం అనుకున్నారు. నడుము దగ్గర వ్యాసార్ధం 6,378, ధ్రువాల దగ్గర 6,357 కిలోమీటర్లు. దానివల్ల వచ్చే పొరపాటు నూటికి అర కూడా దాటదు. మీ పనికి లెక్కలోకి రాదు.

మీ రెండో విమానం అటూఇటూగా వెళ్లే దారి చెప్పనా? దోహా నుంచి మహావృత్తం వాయవ్యంగా, ఉత్తరానికే ఎక్కువ మొగ్గుతూ పైకి ఎక్కి ఐస్‌లాండ్ మీదుగా, దక్షిణ గ్రీన్‌లాండ్ మీదుగా వంగి దిగుతుంది. అసలు దారి గాలిని బట్టి ఏ రోజుకు ఆ రోజు మారుతుంది. అయినా కిటికీ సీటు దొరికితే కిందికి చూస్తూ ఉండండి.

లెక్కల మాస్టారు, పాత గుంటూరు

పోయిన గంటను పట్టుకోవడం నాకు వదిలినందుకు నావిగేటర్ గారికి కృతజ్ఞతలు. భూమి నడుము విషయంలో ఆయన దిద్దుబాటు సరైనదే.

అమ్మా, ఆ గంటను కత్తిరించింది అమెరికా వాళ్లే. మార్చి రెండో ఆదివారం అక్కడి గడియారాలన్నీ గంట ముందుకు తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతారు. మీరు వెళ్లే నవంబరు చివర్లో తేడా పదకొండున్నర. వచ్చే ఏప్రిల్‌లో పదిన్నర. కాబట్టి డాలస్‌లో సాయంత్రం 6:40 అంటే మనకు మర్నాడు పొద్దున 5:10. అప్పటి నుంచి 2:00 దాకా 20 గంటల 50 నిమిషాలు. మీ విడివిడి కూడిక సరిగ్గా అంతే. ఖతార్‌లో గడియారాలు ఇలా మార్చరు, మనమూ మార్చము. అందుకే దోహా లెక్కలో తేడా రాలేదు.

ఇంకో సంగతి గమనించండి. మీరు మొదట గడియారాల ప్రకారం వేళ్ల మీద లెక్కపెట్టినవి 11:45, 31:20. రెండూ కూడితే 43:05. నిజమైన ప్రయాణ కాలాలు 23:15, 20:50. కూడితే 44:05. తేడా ఒకటే గంట, ఆ తిప్పిన గంటే. వాళ్లు గడియారం తిప్పకపోయి ఉంటే రెండు మొత్తాలూ సమానమయ్యేవి. వెళ్లేటప్పుడు దాచిన గంటలే వచ్చేటప్పుడు తిరిగి బయటపడతాయి.

మాత్రల విషయంలో, మీ వారి చేతి గడియారాన్ని డాలస్‌లో దిగేదాకా మన టైము నుంచి కదపవద్దు. డాలస్‌లో దిగిన తరవాత వేళలు ఎలా మార్చాలో మాత్రం డాక్టరు గారే చెప్పాలి. ఈ గంటల పట్టిక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి, చెప్పడం ఆయనకూ తేలిక.

సూదీదారం, బ్రాడీపేట, గుంటూరు

మాస్టారూ, గంట దొరికింది. రాత్రి తృప్తిగా నిద్రపోయాను. నావిగేటర్ గారూ, మీరు చెప్పిన పడవ మాట మా పక్కింటాయనకు వినిపించాను. ఆయనది అవనిగడ్డ. ఏటికి ఎదురు తెడ్డు వేసినవారే. కాసేపు ఏమీ అనలేదు, తరవాత "నిజమే" అన్నారు.

నిన్న డాక్టరు గారి దగ్గరకు కాగితం తీసుకెళ్లాము. అందులో రాసింది ఇది. పొద్దున ఏడింటి మాత్ర మొదటి విమానంలోనే, దోహాలో దిగడానికి గంటకు పైగా ముందు. రాత్రి ఎనిమిదింటి మాత్ర రెండో విమానంలో, బయలుదేరిన 9 గంటల 20 నిమిషాలకు. తెల్లవారుజామున మూడింటికి, మన టైములో, డాలస్. ఆయన కాగితం రెండుసార్లు చదివి, దిగాక వేసుకోవలసిన వేళలు దాని కిందనే తన చేత్తో రాసి ఇచ్చారు. మధ్యమధ్యలో లేచి నడవమన్నారు, నీళ్లు బాగా తాగమన్నారు. ఆ కాగితానికి రెండు నకళ్లు తీయించాను. ఒకటి ఆయన చొక్కా జేబులో, ఒకటి నా సంచిలో ఉంటాయి.

నల్ల దారాన్ని గ్లోబు మీద నుంచి తీసి మూడు ముళ్లు వేశాను. షంషాబాద్ దగ్గర ఒకటి, దోహా దగ్గర ఒకటి, డాలస్ దగ్గర ఒకటి. అట్టముక్కకు చుట్టి సూట్‌కేసులో చంటిబిడ్డ చొక్కాల మధ్య పెట్టాను. బిడ్డకు నాలుగు చొక్కాలు కుట్టాను, మెత్తని మల్లు గుడ్డతో. కిటికీ సీటు ఒకటే దొరికింది. ఐస్‌లాండ్ దాకా మా వారు, గ్రీన్‌లాండ్ నుంచి నేను కూర్చోవాలని ఒప్పందం చేసుకున్నాము.